తడిగుడ్డ, ఉప్పు, కోడిగుడ్డు

పసుపు కొమ్ము ఎండిందో లేదో తెలుసుకోవడానికి వేల్పూర్ రైతుకు మీటరు అక్కర్లేదు. రెండు చేతులా పట్టి విరుస్తాడు. టక్కున విరిగితే ఎండినట్టు, వంగి సాగితే ఇంకా పచ్చి ఉన్నట్టు. అదే పసుపు నిజామాబాద్ మార్కెట్ యార్డుకు చేరాక మాత్రం తేమ మీదే బేరం నడుస్తుంది. అక్కడ ఒకటి రెండు శాతం తేడాకు ధర దిగుతుంది. కొలత తప్పితే నష్టం ఎవరి నెత్తిన పడుతుందో ఆర్మూర్, వేల్పూర్, బాల్కొండ వైపు వాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు అదే రైతు ఇంటి వసారాలో ఒక థర్మాకోల్ పెట్టె ఉందనుకుందాం. లోపల రెండు బల్బులు, కంప్యూటర్ నుంచి తీసిన చిన్న ఫ్యాను, ఒక థర్మోస్టాట్, మూలన నీళ్ళ గిన్నె, ముప్పై నాటుకోడి గుడ్లు. మూత మీది మీటరు వేడి 37.5 అనీ, తేమ 55 అనీ చూపిస్తోంది. ఇరవై ఒక్క రోజులూ అవే అంకెలు. తీరా చూస్తే తొమ్మిది పిల్లలే బయటికొచ్చాయి. మిగతా గుడ్లు పగలగొడితే చాలావాటిలో పూర్తిగా ఎదిగిన పిల్లే, ఈకలు మొలిచి, ముక్కు గుడ్డు మొద్దు కొసనున్న గాలి అర వైపు తిప్పుకొని, చచ్చి ఉంది. ఇంటివాళ్ళు గుడ్లు మంచివి కావనుకుంటారు, పుంజు ముసలిదనుకుంటారు, కరెంటు పోయిందనుకుంటారు. మీటరును మాత్రం ఎవరూ అనుమానించరు. నిజానికి మొదట అనుమానించవలసింది దాన్నే.

కోడికి మీటరు లేదు. పొదుగుకు వచ్చిన పెట్టకు పొట్ట కింద ఈకలు రాలి, చర్మం బయటపడి, రక్తనాళాలతో నిండి వెచ్చగా ఎర్రబడుతుంది. ఆ చర్మం నేరుగా గుడ్డు పెంకును తాకుతుంది. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూగా ఉంటే, గుడ్డుకు అందేది 37, 38 మధ్య. అంచున చల్లబడిన గుడ్డును ముక్కుతో నడిమికి లాక్కుంటుంది, నడిమి గుడ్డును అంచుకు నెడుతుంది. రోజుకొకసారి గింజల కోసం లేచి, కాసేపటికి తిరిగొస్తుంది. అది కొలిచేది గుడ్డును. మన మీటరు కొలిచేది గాలిని. అదీ మీటరు ఉన్న చోటి గాలిని మాత్రమే.

మీటర్లు లేని కాలంలో మనిషి కూడా చర్మంతోనే కొలిచాడు. ఈజిప్టులో వేల ఏళ్ళుగా మట్టి బట్టీల్లో గుడ్లు పొదిగించేవారు. బట్టీ చూసుకునేవాడు గుడ్డు తీసి తన కనురెప్పకు ఆనించుకొని వేడి చెప్పేవాడు. కనురెప్ప చర్మం పలచన, చిన్న తేడాను కూడా పట్టేస్తుంది. ఫ్రాన్స్‌లో రెయోమూర్ అనే శాస్త్రవేత్త పేడ కుప్పల్లో పీపాలు పాతి, పులిసే పేడ వేడితో గుడ్లు పొదిగించి, 1749లో దాని మీద పుస్తకం వేశాడు. ఉష్ణోగ్రతకు సొంతంగా ఒక కొలమానమే తయారుచేసిన మనిషి ఆయన. అయినా పల్లెటూరి వాళ్ళందరికీ థర్మామీటరు దొరకదని ఆలోచించి, వెన్నలో కొవ్వు కలిపి చిన్న సీసాలో వేసుకోమన్నాడు. ఆ ముద్ద కరిగి చిక్కటి పాకంలా అయితే కోడి వేడి వచ్చినట్టు, నూనెలా పలచబడితే మితిమీరినట్టు. చెరకు రసం కాచి, వేళ్ళ మధ్య తీగ సాగదీసి బెల్లం పాకం చూసే బోధన్ వైపు మనిషికి ఈ పద్ధతి వింతగా అనిపించదు. నాకు రెయోమూర్ మీద గౌరవం పెరిగింది ఆయన కొలమానం వల్ల కంటే ఈ వెన్న సీసా వల్లే.

వేడి

ఫ్యాను తిరిగే పెట్టెలో గాలి 37.5 నుంచి 37.8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. హ్యాచరీల వాళ్ళ లెక్కలో 99.5 నుంచి 100 ఫారన్‌హీట్. ఫ్యాను లేకపోతే వేడి గాలి పైకి చేరి పొరలు పొరలుగా నిలిచిపోతుంది. అప్పుడు గుడ్ల పైభాగం ఎత్తులో కొలిచి 38.3 నుంచి 38.9 ఉంచుతారు. ఒకే పెట్టెలో మీటరును నాలుగు వేళ్ళు పైకి జరిపితే అంకె మారిపోతుంది. ఏ ఎత్తులో కొలిచారో చెప్పకుండా వేడి ఇంత అని చెప్పడం సగం మాటే.

పిండం చల్లదనాన్ని కొంతసేపు ఓర్చుకుంటుంది. కోడి లేచి వెళ్ళే అలవాటు గుడ్డుకు తెలిసిందే. అదనపు వేడిని ఓర్చుకోలేదు. నిత్యం అర డిగ్రీ తక్కువైతే పిల్లలు ఆలస్యంగా, నీరసంగా వస్తాయి. ఒక డిగ్రీ ఎక్కువైతే తొందరపడి, బొడ్డు మానకుండానే బయటపడతాయి. అంటే మనకు కావలసిన కొలత అర డిగ్రీ కంటే నిక్కచ్చిగా ఉండాలి.

ఇక్కడ బజారులో దొరికే సెన్సర్ల సంగతి తెలిసి ఉండాలి. చవక మీటర్లలో ఎక్కువగా వాడే డీహెచ్‌టీ11 అనే నీలిరంగు సెన్సర్‌కు తయారీదారు ఇచ్చే హామీయే వేడిలో 2 డిగ్రీలు, తేమలో 5 శాతం అటూ ఇటూ అని. 37.5 చూపుతున్నప్పుడు నిజం 35.5 కావచ్చు, 39.5 కూడా కావచ్చు. ఈ రెండింటిలో ఏ ఒక్కదానిలోనూ గుడ్డు సరిగా పొదగదు. డీహెచ్‌టీ22 అనే తెల్లది నయం, వేడిలో అర డిగ్రీ, తేమలో 2 శాతం అంటారు. నీళ్ళలో ముంచగలిగే స్టీలు గొట్టంలో వచ్చే డీఎస్18బీ20ది కూడా అర డిగ్రీయే. తెర మీద చుక్క తర్వాత ఒక అంకె కనబడగానే అంత సూక్ష్మంగా కొలుస్తోందని నమ్మేస్తాం. ఆ అంకె రాయగలగడం వేరు, అది నిజం కావడం వేరు.

దీన్ని సరిచూడడానికి కావలసిన పరికరం దాదాపు ప్రతి ఇంట్లో ఉంది. గుడ్డుకు కావలసిన వేడీ మనిషి ఒంటి వేడీ పక్కపక్కనే ఉండడం మన అదృష్టం. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరును సరిగ్గా ఈ అంకెల దగ్గరే నిక్కచ్చిగా ఉండేలా తయారుచేస్తారు, తప్పు పదో వంతు డిగ్రీకి మించదు. ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు పోసి, 38 దగ్గరికి తెచ్చి, బాగా కలపాలి. పెట్టెలోని సెన్సర్ వైరును పలచని ప్లాస్టిక్ కవరులో చుట్టి, జ్వరం థర్మామీటరు మొనకు ఆనించి ముంచాలి. ఐదు నిమిషాలు ఆగి రెండూ చదవాలి. తేడా ఎంతో కాగితం మీద రాసి పెట్టె మూతకు అంటించాలి: చూపేది 37.5, నిజం 36.9. అంతే. ఆ కాగితం ఉన్న పాత మీటరు, కాగితం లేని కొత్త మీటరు కంటే నమ్మకమైనది. పాదరసం థర్మామీటరును మాత్రం పెట్టెలోనే వదిలేయకండి. అది ఎక్కిన వేడి దగ్గరే ఆగిపోతుంది, విదిలిస్తే గాని దిగదు. పగిలితే ఆ పాదరసం ఇంటిల్లిపాదికీ విషం.

దంచిన ఐసులో కొంచెం నీళ్ళు కలిపి సున్నా దగ్గర సరిచూసే పద్ధతి బడి పుస్తకాల్లో ఉంది. అది మంచిదే గాని, సున్నా దగ్గర నిజం చెప్పే సెన్సర్ 37 దగ్గర కూడా చెబుతుందనే పూచీ లేదు. మరిగే నీళ్ళు 100 అనుకోవడం ఇంకో పొరపాటు. నిజామాబాద్ సముద్రమట్టానికి 400 మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్ళు మరిగేది 98.7 దగ్గర.

మీటరు మంచిదైనా చోటు చెడితే లాభం లేదు. బల్బుకు ఎదురుగా ఉన్న సెన్సర్ గాలి వేడిని చెప్పదు, బల్బు కాంతి తన మీద పడి తాను ఎంత వేడెక్కిందో చెబుతుంది. వాతావరణ కేంద్రాల్లో తెల్లరంగు పూసిన, కిటికీ రెక్కల్లాంటి గోడలున్న ఒక పెట్టె కనబడుతుంది. థర్మామీటర్లు దాని లోపల ఉంటాయి. గాలి ఆడుతుంది, ఎండ తగలదు. 19వ శతాబ్దంలో థామస్ స్టీవెన్సన్ అనే ఇంజనీరు రూపొందించిన ఈ పెట్టె ఇప్పటికీ ప్రపంచమంతా వాడుకలో ఉంది. మన థర్మాకోల్ పెట్టెలో బల్బుకూ సెన్సర్‌కూ మధ్య ఒక అట్టముక్క నిలబెడితే అదే పని జరుగుతుంది. గుడ్ల మీద కూడా బల్బు వెలుగు నేరుగా పడకూడదు.

బల్బు వెలిగినప్పుడు గాలి 38.2కి ఎక్కుతుంది, ఆరినప్పుడు 37కి దిగుతుంది. చూసేవాడికి కంగారు. గుడ్డుకు మాత్రం ఆ కంగారు లేదు, ఎందుకంటే యాభై గ్రాముల నీటి ముద్ద ఐదు నిమిషాల్లో వేడెక్కదు. గుడ్డుకు అందుతున్న వేడిని చూడాలంటే గుడ్డంత చిన్న సీసాలో నీళ్ళు నింపి, రెండో సెన్సర్‌ను అందులో ముంచి గుడ్ల మధ్య పడుకోబెట్టండి. అది చూపే అంకె స్థిరంగా ఉంటుంది, గుడ్డుకు చాలా దగ్గరగా ఉంటుంది. కాకపోతే అది నెమ్మది. థర్మోస్టాట్ పాడై బల్బు ఆరకుండా ఉండిపోతే సీసా మనకు ఆలస్యంగా చెబుతుంది. అందుకని గాలి మీటరును తీసేయకూడదు.

రెండో వారం దాటాక ఇంకో మార్పు వస్తుంది. అప్పటిదాకా వేడి పుచ్చుకున్న గుడ్డు తానే వేడి ఇవ్వడం మొదలుపెడుతుంది. పిండం పెరిగి, దాని ఊపిరి, నెత్తురు, కండలు పనిచేస్తుంటే గుడ్డు పెంకు చుట్టూ ఉన్న గాలి కంటే వేడిగా ఉంటుంది. గాలి 37.5 దగ్గరే ఉన్నా కిక్కిరిసిన గుడ్ల మధ్య 38.5 దాటవచ్చు. నీళ్ళ సీసాలో ప్రాణం లేదు కనుక ఈ వేడిని పూర్తిగా చూపలేదు. ఆ రోజుల్లో గుడ్డును చేతిలోకి తీసుకొని కనురెప్పకు ఆనించిన ఈజిప్టు మనిషి మన కంటే ఎక్కువ తెలుసుకున్నాడేమో.

మే నెల గురించి వేరే చెప్పాలి. నిజామాబాద్‌లో ఎండ 43, 44 దాటే రోజులుంటాయి. గది వేడి 40 ఉంటే పెట్టెలో బల్బు ఆరినా గాలి 40 కంటే తగ్గదు. థర్మోస్టాట్‌కు వేడి పెంచడమే వచ్చు, తగ్గించడం రాదు. మీటరు నిజమే చెబుతుంది, కానీ మన చేతిలో ఏమీ ఉండదు. ఎండలు ముదిరాక పొదగేయకపోవడం పాత ఇళ్ళలో ఉన్న అలవాటు, దానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు. పెట్టెలో పెట్టకముందు దాచిన గుడ్లకూ ఇదే గండం. 20, 21 డిగ్రీలు దాటితే గుడ్డులో పిండం నెమ్మదిగా కదలడం మొదలవుతుంది. 38 డిగ్రీల వంటింట్లో నాలుగు రోజులుంచిన గుడ్డు సగం మొదలై, అడ్డదిడ్డంగా పెరిగి, పెట్టెలోకి వెళ్ళేసరికే చెడి ఉంటుంది. రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకానికని తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ గుడ్లను ఎంత కష్టపడి తెచ్చుకున్నా ఆ నాలుగు రోజులు వాటిని పాడుచేయగలవు.

తేమ

వేడి కంటే తేమ గట్టి చిక్కు. తేమ 55 శాతం అంటే ఆ వేడిలో గాలి మోయగలిగినంత ఆవిరిలో నూటికి 55 పాళ్ళు ఉందని. గాలి వేడెక్కితే మోసే శక్తి పెరుగుతుంది. లోపల నీటి ఆవిరి ఒక్క చుక్క తగ్గకపోయినా, పెట్టె ఒక్క డిగ్రీ వేడెక్కితే 55 కాస్తా 52 అవుతుంది. కాబట్టి వేడి తప్పు కొలిచినవాడు తేమను సరిగా కొలవలేడు.

వేల్పూర్ గాలిని ఒకసారి లెక్కకట్టి చూద్దాం. డిసెంబర్ తెల్లవారుజామున బయట 10 డిగ్రీలు, తేమ 90 శాతం. ముసురుమంచు, పొలాల మీద తెల్లటి పొగ. ఆ గాలినే పెట్టెలోకి లాగి 37.5కు వేడిచేస్తే తేమ 17 శాతానికి పడిపోతుంది. చలికాలపు మంచు గాలి గుడ్డుకు ఎడారి గాలి. మే మధ్యాహ్నం 42 డిగ్రీలు, 20 శాతం ఉన్న గాలి పెట్టెలో 25 అవుతుంది. జులై ముసురులో 27 డిగ్రీలు, 90 శాతం ఉన్న గాలి అదే పెట్టెలో 50 అవుతుంది. అంటే వానాకాలంలో నీళ్ళ గిన్నె లేకుండానే గాలి దాదాపు సరిపోయింది. కొనుక్కున్న పెట్టెతో వచ్చే కాగితం మీద ఎప్పుడూ గిన్నె నిండా నీళ్ళుంచమని రాసి ఉంటుంది. ఆ కాగితం రాసినవాడికి మన జులై తెలియదు. 2023 జులై 24, 25 తేదీల మధ్య వేల్పూర్‌లో 24 గంటల్లోనే 40 సెంటీమీటర్లకు పైగా వాన పడి రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. అలాంటి వారంలో గిన్నె నింపిన పెట్టెలో గుడ్లు ఎండవలసినంత ఎండవు. పిల్ల నీటితో ఉబ్బి, గాలి అర చిన్నదై, మొదటి ఊపిరికే చోటు చాలక గుడ్డులోనే మునిగి చస్తుంది. మన ఊహలోని వసారాలో చచ్చిన పిల్లల్లో చాలావాటికి కథ ఇదే కావచ్చు.

గిన్నె విషయంలో ఇంకొక మాట. ఆవిరి పైకి లేచేది నీటి ముఖం నుంచి. గిన్నె ఎంత లోతున్నా తేమ పెరగదు, ఎంత వెడల్పుంటే అంత పెరుగుతుంది. చెంబు తీసి పళ్ళెం పెట్టడం, పళ్ళెంలో సగం మూయడం, ఇవే తేమను తిప్పే బిరడాలు.

తేమ కొలవడానికి పాత హ్యాచరీ మనుషులు నమ్మింది తడిగుడ్డను. బండా వాసుదేవరావు 1971లో మొదలుపెట్టిన వెంకటేశ్వర హ్యాచరీస్‌తో మన దగ్గర కోళ్ళ పరిశ్రమ ఒక దారిన పడింది. ఆ తరంలో గుడ్లు పొదిగించే యంత్రాలుండే సెట్టర్ గదుల్లో మాట్లాడుకున్న భాష అంతా పొడి థర్మామీటరు, తడి థర్మామీటరు. తడి దానికి గుండు చుట్టూ నూలు గుడ్డ, గుడ్డ కొస నీళ్ళలో. నీరు ఆవిరవుతూ గుండును చల్లబరుస్తుంది, కుండలో నీళ్ళు చల్లబడినట్టే. గాలి ఎంత పొడిగా ఉంటే అంత చల్లదనం. పొడిది 100 ఫారన్‌హీట్, తడిది 85 చూపితే తేమ 55 శాతానికి దగ్గర. 84 నుంచి 86 దాకా సెట్టర్‌కు సరి.

ఈ పద్ధతి నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో దాచిపెట్టింది ఏమీ లేదు. తప్పు చేసేది కూడా కంటికి కనబడుతుంది. గుడ్డ మాసినా, బోరు నీటి ఉప్పు పేరుకొని గట్టిపడినా, గాలి తగలకపోయినా ఆవిరి సరిగా లేవదు. అప్పుడు తడి థర్మామీటరు ఉండవలసిన దానికంటే వేడిగా చూపుతుంది, మనం తేమ ఎక్కువుందని మోసపోతాం. ఒక్క ఫారన్‌హీట్ డిగ్రీ తప్పితే తేమ లెక్క మూడు శాతం తప్పుతుంది. నూలు గుడ్డను వారానికొకసారి మార్చాలి. డిస్టిల్డ్ వాటర్ గాని, కాచి వడగట్టిన వాన నీళ్ళు గాని వాడితే ఉప్పు పట్టదు. ఫ్యాను గాలి గుడ్డ మీద ఆడాలి.

డిజిటల్ మీటరులో తడిగుడ్డ ఉండదు. ఆవిరిని పీల్చుకొనే పలచని పొర ఒకటుంటుంది, అది ఎంత పీల్చితే కరెంటు లెక్క అంత మారుతుంది. ఆ పొర నెలల తరబడి తడిగాలిలో నానితే పక్కకు జారుతుంది. పెట్టెను ఫార్మలిన్ పొగ పట్టించి శుభ్రం చేసేటప్పుడు సెన్సర్‌ను లోపలే వదిలేసినా చెడుతుంది. అందుకని ప్రతి విడత గుడ్లకు ముందు దాన్ని పరీక్షకు కూర్చోబెట్టాలి. ఆ పరీక్షకు వంటింటి ఉప్పు చాలు.

ఒక సీసా మూతలో రెండు చెంచాల ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా చుక్క చుక్కగా నీళ్ళు కలపాలి. ఉప్పు కరిగిపోకూడదు, నీరు తేలకూడదు. ఆ మూతనూ మీటరునూ ఒకదానికొకటి తగలకుండా గాలి చొరబడని డబ్బాలో పెట్టి, రాత్రంతా వదిలేయాలి. పొద్దున మూత తీయకుండా చదివితే 75 శాతం ఉండాలి. డబ్బాలో కరగని ఉప్పూ ఉప్పునీరూ రెండూ కలిసి ఉన్నంతసేపు గాలిలోని ఆవిరి అక్కడే నిలుస్తుంది: ఎక్కువైతే ఉప్పు లాక్కుంటుంది, తక్కువైతే నీరు వదులుతుంది. 25 డిగ్రీల దగ్గరా 35 దగ్గరా అది 75 నుంచి పెద్దగా కదలదు. మీ మీటరు 83 చూపితే ఎనిమిది తీసేసి చదువుకోవడమే. మూత మీది కాగితానికి ఇంకో వరుస చేరుతుంది.

తూకం

ఇంత చేసినా మనం కొలిచింది గాలినే. గుడ్డు సంగతి గుడ్డునే అడగాలి.

కోడిగుడ్డు పెంకుకు వేల సన్నని రంధ్రాలున్నాయి. లోపల తేమ నూటికి నూరు, బయట 55. ఆ తేడా తోస్తుంటే గుడ్డు ఇరవై నాలుగు గంటలూ నీటిని వదులుతూ ఉంటుంది. వదిలిన చోటే గాలి చేరి, మొద్దు కొసన గాలి అర పెరుగుతుంది. మొదటి పద్దెనిమిది రోజుల్లో గుడ్డు బరువులో సుమారు 12 శాతం పోవాలి. 11 నుంచి 13 అయినా ఇబ్బంది లేదు. తేమ 55 దగ్గర సరిగ్గా 12 శాతం వదిలే గుడ్డు, నిజం తేమ 65 అయితే 9.3 శాతమే వదులుతుంది. 45 అయితే 14.7 వదిలి, పొర ఎండి పిల్ల ఒంటికి అతుక్కుపోతుంది. మీటరు పది శాతం తప్పితే గుడ్డు కట్టే వెల ఇది.

వంటింటి డిజిటల్ త్రాసు చాలు. ముప్పై గుడ్లు, ఒక్కొక్కటి 50 గ్రాములు, మొత్తం 1500. పన్నెండు శాతం అంటే 180 గ్రాములు, పద్దెనిమిది రోజులకు రోజుకు పది. లెక్క ఇంత తేలిక. ఏడో రోజున ట్రే బరువు తీసేస్తే గుడ్లు 1430 ఉండాలి. 1450 ఉంటే పెట్టె తడిగా ఉంది, పళ్ళెం సగం మూయాలి. 1405 ఉంటే పొడిగా ఉంది, వెడల్పు పళ్ళెం పెట్టాలి. ఆ రోజు లైటు కొట్టి చూసి వట్టి గుడ్లు తీసేస్తే, మిగిలినవాటిని మళ్ళీ తూచి అక్కడి నుంచి కొత్త లెక్క మొదలుపెట్టాలి. నాటుకోడి గుడ్డు పెంకు, ఫారం గుడ్డు పెంకు ఒకేలా ఆవిరిని వదలవు. ముసలి పెట్ట గుడ్డు ఇంకోలా వదులుతుంది. తూకానికి ఈ తేడాలన్నీ ముందే తెలుసు, ఎందుకంటే అది తూచేది ఆ గుడ్లనే. మీటరుకూ త్రాసుకూ మాట కుదరకపోతే నేను త్రాసు వైపే నిలబడతాను.

పద్దెనిమిదో రోజున గుడ్లు తిప్పడం ఆపి, తేమను 65, 70కి పెంచి, పెట్టె మూత వేయాలి. ఇక తెరవకూడదు. పిల్ల పెంకు పొడిచాక ఒక్కసారి మూత తీస్తే వెచ్చటి తడిగాలి అంతా లేచిపోయి, లోపలి పొర నిమిషాల్లో బిగుసుకుంటుంది. చిన్న అద్దం గుండా చూడడమే. చూడడానికి అప్పటికి మీటరు మీద అంకె తప్ప పెద్దగా ఏమీ ఉండదు. ఇరవయ్యో రోజు రాత్రి, ఎవరూ నీళ్ళు పోయకుండానే, 68 దగ్గరున్న తేమ 70కి, 74కి ఎక్కడం మొదలవుతుంది. అప్పటికి ఒక గుడ్డు పెంకు చిట్లింది. తడి పొర గాలికి తగిలి ఆవిరి వదులుతోంది. లోపలి నుంచి సన్నగా పిల్ల కూత వినబడుతుంది.